ఆమె ఒక్కసారీ ఓడిపోలేదట

పోయిన నెల ఒక పత్రిక నుంచి ఫోన్ వచ్చింది. ఆదివారం సంచిక కోసం పాత బాక్సర్ల అభిప్రాయాలు సేకరిస్తున్నారట. ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచి, తర్వాత ప్రొఫెషనల్‌గా మారి లోకాన్ని ఊపేసిన ఆ హెవీవెయిట్ చాంపియన్ ఉన్నాడు కదా, ఆయన అసలు ప్రొఫెషనల్ కాకుండా ఆగిపోయి ఉంటే బాక్సింగ్ చరిత్ర ఎలా ఉండేదో మీ ఊహ చెప్పండి మేడమ్ అన్నాడు విలేకరి. నేనప్పుడు మల్కాజ్‌గిరి స్టేషన్‌లో లోకల్ కోసం నిలబడి ఉన్నాను. బండి ఆలస్యం. ఒళ్లు అప్పటికే మండుతోంది.

"ఏమీ అయ్యేది కాదండీ," అన్నాను. "బెల్టు ఖాళీగా ఉండదు. ఎవరో ఒకరి నడుముకు చేరుతుంది. జనం వాడికే చప్పట్లు కొడతారు. ఈ రోజు మీరు వాడి గురించే నాకు ఫోన్ చేసేవారు."

అతను నవ్వి, ఇంకొంచెం పాజిటివ్‌గా చెప్పండి మేడమ్ అన్నాడు. నా దగ్గర అంతకంటే పాజిటివ్‌గా లేదని చెప్పి పెట్టేశాను. నా అభిప్రాయం అచ్చు కాలేదు. అచ్చయినవాళ్లంతా ఆయన లేకపోతే బాక్సింగే చచ్చిపోయేదని రాశారు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

ఆ మహానుభావుడు మా సికింద్రాబాద్‌లో పుట్టి ఉంటే ఏమయ్యేదో మాత్రం నేను కళ్లకు కట్టినట్టు చెప్పగలను. స్వర్ణం తెచ్చిన వారానికి స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం ఇచ్చేవారు. వాళ్లమ్మ గల్లీ అంతా స్వీట్లు పంచేది. డిస్పాచ్ సెక్షన్‌లో కవర్ల మీద స్టాంపులు కొట్టుకుంటూ, ఏడాదికోసారి డిపార్ట్‌మెంట్ తరఫున ఆడి కప్పు తెచ్చేవాడు. మోకాళ్లు అరిగాక కోచ్‌ను చేసేవారు. రిటైరైన రోజు శాలువా కప్పి, మంచివాడు, ఎన్నడూ ఎవరి మీదా చెయ్యెత్తలేదు అని పొగిడేవారు. ప్రపంచం అతని పేరు వినేది కాదు, విననందుకు బాధపడేదీ కాదు. ఇది ఊహ కాదు, నాకు జరిగిందే. ఒలింపిక్స్ లేదు, శాలువా ఇంకా కప్పలేదు, అంతే.

మాది రాంగోపాల్‌పేట్. పరుపులు కుట్టే ఇల్లు. మా తాతలది జనగామ వైపు. నమాజు చదివేది అరబీలో, తిట్టుకునేది తెలుగులో. గల్లీలో ఉర్దూ మాట్లాడేవాళ్లకు మేం సగం ముసల్మానులం, మిగతావాళ్లకు దూదేకేవాళ్లం. నాన్న మొదట్లో విల్లుతో, తర్వాత మిషన్‌తో దూది ఏకేవాడు. మా ఇంట్లో అన్నంలో దూది, చాయ్‌లో దూది, తలలో దూది. నేను గోడను గుద్దుతున్నానని చూసి, పాత పరుపుల్లోంచి తీసిన గట్టి దూదిని గోనెసంచిలో కూరి నా మొదటి బ్యాగ్ కుట్టిచ్చింది నాన్నే. గోడ పాడైతే ఓనర్ తిడతడు బిడ్డ, దీన్ని కొట్టు అన్నాడు. మారేడ్‌పల్లిలో ఒక హాల్లో కోచింగ్ ఇస్తారని తెలిసి నన్ను సైకిల్ మీద తీసుకెళ్లిందీ ఆయనే.

ఆ దూదే ఆయన ఊపిరితిత్తుల్లోకి పోయింది. నేను రాష్ట్రంలో నా బరువులో మొదటి స్థానానికి వచ్చేసరికి ఆయన నాలుగు మెట్లు ఎక్కి నిలబడి గోడ పట్టుకునేవాడు. సరిగ్గా అప్పుడే నాకు కోటా ఉద్యోగం వచ్చింది. డిపార్ట్‌మెంట్ పేరు రాయను, ఇంకా అక్కడే జీతం తీసుకుంటున్నాను. జీతం సంగతి అటుంచి, ఉద్యోగంతో పాటు తల్లిదండ్రులకు కూడా పనికొచ్చే ఆసుపత్రి కార్డు వచ్చింది. మా అమ్మ ఆ కార్డును ఖురాన్ పెట్టిన అరలోనే పెట్టింది. నెలనెలా మందులు, చలికాలంలో ఆక్సిజన్, రెండుసార్లు ఐసీయూ, అన్నీ ఆ కార్డు మీదే.

బాక్సింగ్ తెలియని వాళ్ల కోసం ఒక మాట. అమెచ్యూర్ అంటే పతకం కోసం ఆడటం. తలకు గార్డు, ఒంటికి బనీను, పాయింట్లు లెక్కపెట్టే జడ్జీలు. ప్రొఫెషనల్ అంటే పర్సు కోసం ఆడటం. తలకు గార్డు ఉండదు, గ్లౌజులు చిన్నవి. ఎదుటిమనిషి పడితే పడినట్టే, అందులో జడ్జీ దయ అక్కర్లేదు. మా డిపార్ట్‌మెంట్ రూలు ప్రకారం కోటాలో వచ్చినవాళ్లు బయట డబ్బుకు ఆడకూడదు. ఆడితే ఉద్యోగం పోతుంది.

నేను జాతీయ జట్టు సెలక్షన్లకు మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ గెలిచినట్టే అనిపించింది, మూడుసార్లూ పాయింట్ల మీద ఓడినట్టు తేల్చారు. మూడోసారి నా చెయ్యి కింద వదిలేసి పక్కమ్మాయి చెయ్యి పైకెత్తినప్పుడు నాకు ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది. ఇక జడ్జీల మొహం చూడకుండా గెలవాలనుకున్నాను. అప్పుడే మన దగ్గర ఆడవాళ్లకు ప్రొఫెషనల్ ఆటలు షురూ అయ్యాయి. పక్క రాష్ట్రంలో ఒక పోటీకి పిలుపొచ్చింది.

మా స్పోర్ట్స్ ఆఫీసర్ పాత ఫుట్‌బాల్ ఆటగాడు. మంచి మనిషి, లేక భయస్తుడు, నాకిప్పటికీ తేలలేదు. ఆయనకు విషయం చెప్పాను. ఆయన లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"నాకు చెప్పినట్టు ఇంకెవ్వరికి చెప్పకు. లీవ్ పెట్టుకో. ఏడికి పోతున్నవో నేను అడగ. గెలువు, ఓడు, నీ ఇష్టం. చప్పుడు మాత్రం కావద్దు."

చప్పుడు కాకుండానే వెళ్లాను. ఇంట్లో నాన్నకూ అమ్మకూ మాత్రమే చెప్పాను. నా ఎదుటి అమ్మాయిది శ్రీకాకుళం వైపు. నాకంటే ఐదారేళ్లు చిన్నది. బరువు చూసే చోట కలిసినప్పుడు, "అక్కా, మీ ఆటలు ఫోన్లో చూసినానక్కా," అని చేతులు కట్టుకుని నిలబడింది. రింగ్‌లో మాత్రం ఆ మర్యాద లేదు. మొదటి రౌండ్‌లోనే నా ఎడమ కంటి కింద పగలగొట్టింది. నాలుగో రౌండ్‌లో ఆమె కుడిచెయ్యి కాస్త కిందికి దిగింది. నా ఎడమ హుక్ ఆమె దవడకు తగిలిన క్షణం నాకు భుజం దాకా తెలిసింది. ఆమె పడింది. లేచింది. మళ్లీ ఆడింది, అది ఆమె గుండె. కానీ ఆ పడటాన్ని ఏ జడ్జీ దాచలేడు, చివర్లో రిఫరీ ఎత్తింది నా చెయ్యి. నా బతుకులో ఎవరి దయా లేకుండా నాకు వచ్చింది ఆ ఒక్కటే. దాన్ని నేను బస్సులో అంత దూరం ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చాక నాన్న నా కన్ను చూసి, ముందు ఐసు నీళ్లలో ముంచిన గుడ్డ పెట్టాడు. తర్వాత అడిగాడు. గెలిచానని చెప్పాను. ఆయన నా చేతివేళ్లు ఒక్కొక్కటే పట్టి చూశాడు. అమ్మ ఆ సంతోషం కడుపులో దాచుకోలేకపోయింది. తన తమ్ముడికి, అంటే మా మామకు, ఫోన్ చేసింది. తమ్ముడికి చెప్పుకుంటే తప్పేముంది అనుకుంది, నిజమే, తప్పేముంది.

మా మామ గురించి చెప్పాలి. చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. ఒక లీడర్ వెనక తిరిగేవాడు. ఆయనకు ఫ్లెక్సీల పిచ్చి. ఎవరి పుట్టినరోజైనా, ఎవరు హజ్‌కు పోయినా, ఎవరి పిల్ల టెన్త్ పాసైనా మూలమలుపులో ఫ్లెక్సీ వెలిసేది. పైన లీడర్, పక్కన ఆ మనిషి, కింద వరుసగా మామా, ఆయన దోస్తుల తలకాయలు, నల్లకళ్లద్దాలతో. మా గల్లీలో ఫ్లెక్సీ పడని సంబరం సంబరమే కాదు. ఆఖరికి సంతాపం కూడా.

మూడో రోజు పొద్దున నేను ఆఫీసుకు బయల్దేరి గల్లీ మూల తిరిగేసరికి ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నేనున్నాను. ఇద్దరు మనుషుల ఎత్తున. 'రాంగోపాల్‌పేట్ ముద్దుబిడ్డ, ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో తొలి ఘనవిజయం, మా మేనకోడలికి శుభాకాంక్షలు.' అంతకంటే ఘోరం, అందులో నేను వేసుకున్నది మా డిపార్ట్‌మెంట్ బ్లేజర్. జేబు మీద గుర్తుతో సహా.

మామకు ఫోన్ చేసి గొంతు చించుకున్నాను. ఆయనకు నా కోపమే అర్థం కాలేదు.

"అరె, నిక్కరు మీదున్న ఫోటో గల్లీల ఎట్ల పెడ్తమే? మసీదుకు పోయే తోవ అది. పెద్దమనుషులు చూస్తరు. నీ ఇజ్జత్ సుత చూస్కోవాలె గదా. గందుకే మీ అమ్మనడిగి గా కోటు ఫోటో పెట్టిచ్చిన. జేబు మీది నిషానీ జెర మసకగ ఉంటే డిజైన్ పోరడు కొత్తది తెచ్చి అంటిచ్చిండు. ఎంత మంచిగ కొడ్తుందో చూసినవా?"

చూశాను. అర కిలోమీటరు దూరం నుంచి కనబడుతోంది. మామ దాన్ని ఫోటో తీసి తనున్న వాట్సాప్ గ్రూపులన్నిటిలోనూ పెట్టాడు. వినాయకుణ్ని చేయబోతే కోతి అయిందంటారు. ఇక్కడ నా పరువు నిలబెట్టబోయి నా మెడకు ఉరి పేనాడు. నిక్కరు ఫోటో పెట్టి ఉంటే ఎవరో బాక్సర్ అనుకుని పోయేవారు. రెండు చేతులూ నిండుగా కప్పిన ఆ బ్లేజరే నన్ను పట్టిచ్చింది. మధ్యాహ్నానికల్లా అది మా ఆఫీసు గ్రూపుకొచ్చింది. సాయంత్రానికి పెద్ద ఆఫీసర్ నుంచి పిలుపొచ్చింది, రేపు ఇంటివాళ్లతో రమ్మని.

ఆ సాయంత్రం మా ఇంట్లో జరిగిన గొడవ రాయాలంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది. ఉద్యోగం పోతే పోనీ, నేను ఆడతాను, ఇంకో మూడు నెలల్లో రెండో ఆట ఉంది అన్నాను. గెలిచిన చెయ్యి ఇంకా వేడిగా ఉంది, నాకు లోకమంతా చిన్నగా కనిపిస్తోంది. అమ్మ రొట్టెలు కాలుస్తోంది. పొయ్యి ఆపి ఇటు తిరిగింది.

"నాకు ఆటలు తెల్వయి బిడ్డ. మీ నాయిన పండుకుంటే ఊపిరాడక కూసుంటడు. గది ఒక్కటే తెలుసు నాకు. కార్డు పోతే ఎట్ల?"

నాన్న మంచం మీంచి, "నా మీద పెట్టి ఆలోచించకు. నీ ఆట నువ్వు ఆడు," అన్నాడు. ఆ రెండు ముక్కలు అనడానికి మధ్యలో ఆగి దగ్గాడు. అమ్మ వెళ్లి ఆయన వీపు నిమిరింది. ఇక ఎవరితో ఏం వాదిస్తాను? ఆ దగ్గుతో పోట్లాడే దమ్ము నాకు లేదు.

మర్నాడు పెద్ద ఆఫీసర్ గదిలో నేను, మామ, మా స్పోర్ట్స్ ఆఫీసర్. పెద్ద ఆఫీసర్ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. చాయ్ తెప్పించాడు.

"చూడమ్మా, నీ ఉద్యోగం తీసేయడం నాకేం సరదా కాదు. ఫోటో నీదే, దాన్ని కాదనలేం. కానీ ఆడింది నువ్వు కాదంటే అయిపోతుంది. ఎవరో అమ్మాయి గెలిచింది, మీ మామగారు తెలియక నువ్వనుకున్నారు. ఏమండీ?"

"అవ్ సార్," అన్నాడు మామ వెంటనే. "గల్తీ నాదే. నాకు బాక్సింగ్ గురించి ఏం తెల్వది సార్." ఆ గదిలో ఆ పూట ఎవరైనా పలికిన నిజం అదొక్కటే.

"నువ్వు చెప్పమ్మా. అక్కడ ఆడింది నువ్వేనా?"

నా ఎడమ కంటి కింద పసుపురంగు ఇంకా పోలేదు. ఆయన దాన్ని చూశాడు, తర్వాత గోడ మీది క్యాలెండర్ చూశాడు. మా స్పోర్ట్స్ ఆఫీసర్ నేలచూపు చూస్తూ కూర్చున్నాడు.

"కాదు సార్," అన్నాను.

"ఆ కన్ను?"

"మెట్ల మీద పడ్డాను సార్."

"జాగ్రత్తగా ఉండాలమ్మా," అన్నాడాయన. చాయ్ చల్లారిపోతోంది తాగమన్నాడు. తాగాను.

అంతటితో కాలేదు. నేను ఆడలేదంటే రికార్డులో నా పేరు ఉండకూడదు. ఆ పోటీ పెట్టినవాళ్లకు నేనే ఫోన్ చేసి, నా లైసెన్స్ రద్దు చేయండి, ఆ ఆట లేనట్టు రాసుకోండి అని బతిమాలాలి. బతిమాలాను. ప్రభుత్వ ఆఫీసులతో గొడవ మనకెందుకని వాళ్లు సరేనన్నారు. అవతలి అమ్మాయి మేనేజర్‌కు ఇంకా సంతోషం. పడిన పిల్ల పడనట్టయింది, గెలిచిన నేను రానట్టయింది. ఆ రోజు ఆ హాల్లో కుర్చీల్లో కూర్చున్న జనం ఎవరిని చూసి అరిచారో దేవుడికే తెలియాలి.

మామ ఫ్లెక్సీ విప్పించి మాకే ఇచ్చాడు. వానాకాలం రేకుల మీద కప్పుకోవచ్చని.

ఆ శ్రీకాకుళం అమ్మాయి ఆగలేదు. ఒకటి గెలిచింది, ఇంకోటి గెలిచింది. విదేశాల్లో ఆడింది. బెల్టు తెచ్చింది. నాన్న ఫోన్‌లో ఆమె ఆటలు చూసేవాడు. నేను వంటింట్లో ఉంటే సౌండ్ తగ్గించేవాడు. ఒకసారి మాత్రం నోరు జారి, "ఈ పిల్ల ఇంకా కుడిచెయ్యి కిందికి దించుతుంది," అన్నాడు. నాకు తెలుసు. నేను దొంగతనంగా అన్నీ చూశాను. ప్రతి ఆటలోనూ ఒక్క క్షణం ఆ చెయ్యి దిగుతుంది. ఆ సందులోకి నా ఎడమచెయ్యి మంచం మీద పడుకునే వెళ్లిపోతుంది. ఆమె గెలిచిన ప్రతిసారీ నాకు కడుపు మండింది. ఓడిపోతుందేమోనని అంతకంటే ఎక్కువ భయమేసింది, ఎందుకంటే ఎవరైనా ఆమెను ఓడిస్తే మొదట ఓడించినవాళ్లు వాళ్లే అవుతారు. ఇలాంటి భయం పగవాళ్లకు కూడా వద్దు.

నేను ఆగకుండా ఆడి ఉంటే బెల్టు నాదే అయ్యేదని నేను అనను. రెండో ఆటలోనే ఎవరైనా నన్ను పడుకోబెట్టేవారేమో. పడుకోబెట్టనీ. ఆ ఓటమి అయినా నా పేరు మీద ఉండేది. ఇప్పుడు నా పేరు మీద గెలుపూ లేదు, ఓటమీ లేదు. డిస్పాచ్ సెక్షన్ నుంచి స్పోర్ట్స్ సెక్షన్‌కు మార్చారు. మారేడ్‌పల్లి హాల్లో సెలవుల్లో పిల్లలకు నేర్పిస్తాను. నాన్న బతికే ఉన్నాడు. కార్డు ఉంది కాబట్టే బతికి ఉన్నాడు, ఆ మాట నాకెవరూ గుర్తు చేయక్కర్లేదు. ఆయన ఊపిరి తీసుకోవడం చూసినప్పుడల్లా ప్రేమా, కసీ రెండూ ఒక్కసారే వస్తాయి. ఆ రెండోదానికి నన్ను నేను తిట్టుకుంటాను. అయినా వస్తుంది.

ఈ మధ్య డిపార్ట్‌మెంట్ రూలు సడలించింది. ముందుగా అనుమతి తీసుకుంటే ప్రొఫెషనల్‌గా ఆడొచ్చు. పాత ఆఫీసర్లిద్దరూ రిటైరయ్యారు. కొత్తగా వచ్చినాయన ఉత్సాహవంతుడు. ఈ ఏడు మా స్పోర్ట్స్ డేకి ముఖ్య అతిథిగా ఎవరిని పిలుద్దామంటే అందరూ ఆమె పేరే చెప్పారు. నన్ను పిలిచి, "మేడమ్, మీరూ ఆడినవారే కదా. వేదిక మీద పరిచయం మీరే చేయండి," అన్నాడు. ఆమె మేనేజర్ పంపిన వివరాలు నా చేతికిచ్చాడు. మొదటి వాక్యమే, 'ప్రొఫెషనల్ రింగ్‌లో ఒక్క ఓటమి కూడా ఎరుగని'.

ఒంట్లో బాగోలేదని చెప్పి తప్పించుకోవచ్చు. తప్పించుకోలేదు. ఆమె నన్ను గుర్తుపడుతుందా లేదా అన్నది ఒక్కటే నాకు కావాలి. ఈ భూమ్మీద ఆ నాలుగో రౌండ్ నాకు కాక ఇంకొకరి ఒంటికి తెలుసు. ఆ ఒక్క సాక్షి మర్చిపోయి ఉంటే, ఇక అది నిజంగానే జరగలేదు.

ఆ రోజు పట్టుచీర కట్టుకుని వెళ్లాను. గ్రౌండ్ నిండా షామియానాలు. ఆమె కారు దిగి వచ్చి వేదిక మీద కూర్చుంది. మనిషి బలిసింది, జుట్టు కత్తిరించుకుంది. నేను మైకు ముందు నిలబడి కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివాను. ఒక్క ఓటమి కూడా ఎరుగని అన్నచోట కూడా ఆగలేదు. పిల్లలు ఈలలు వేశారు. కొత్త ఆఫీసర్ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

ఆమె లేచి మైకు దగ్గరికొచ్చింది. నేను పక్కకు జరిగాను. ఆమె మైకు మీద అరచెయ్యి పెట్టి నా వైపు వంగింది. కళ్లలో నీళ్లున్నాయి.

"అక్కా, నువ్వేనా? ఎంత వెతికినానో తెలుసా. మళ్లీ ఆడతానని అడిగితే అసలు అలాటి మనిషే లేదని చెప్పీసినారు. ఈళ్లు రాసిందంతా అబద్ధం అక్కా, నాకు సిగ్గేస్తంది. ఇప్పుడు చెప్పీనా? మైకులోనే చెప్పీస్తాను, నన్ను ఓడించింది నువ్వేనని."

ఇన్నేళ్లుగా నేను కోరుకున్న మాట అదే. అంతకంటే ఒక్క అక్షరం ఎక్కువ కోరుకోలేదు. రూలు మారిపోయింది, నన్ను అడిగిన ఆఫీసర్ లేడు, చాయ్ కప్పు లేదు, అమ్మ లేదు పక్కన. నేను తల ఊపితే చాలు. వెనక కుర్చీలో కొత్త ఆఫీసర్, ఏమైందన్నట్టు మా వైపు చూశాడు. ఆయన చూపు పడగానే నా మొహం మీదికి నవ్వు దానంతటదే వచ్చేసింది, ఆఫీసులో పెద్దవాళ్లను చూడగానే వచ్చే నవ్వు.

"నేను కాదమ్మా," అన్నాను. "మీరు ఎవర్నో చూసి పొరబడుతున్నారు."

ఆమె నా మొహంలోకి చూసింది. నా ఎడమచేతిలోకి చూసింది. తర్వాత కళ్లు తుడుచుకుని వెనక్కి జరిగింది.

"సారీ మేడమ్," అని మైకు మీది చెయ్యి తీసింది.